‘మళ్ళీ రండి’ అనని కొట్టు

ముక్కంటిపేట మున్సిపల్ కమిషనర్ విద్యాధరం గారు రాజధానిలో శిక్షణకు వెళ్ళి వచ్చారు. వెళ్ళేటప్పుడు మార్కెట్ షెడ్డు కప్పు కారుతోందన్న సంగతి ఆయనకు గుర్తుంది. వచ్చేటప్పటికి లేదు. శిక్షణ అంత బాగా జరిగింది.

అక్కడ ఆయన నేర్చుకున్నది ఇది. ఫోనులో సరుకులు కొనేవాడు అన్ని కొట్లూ తిరగడు. కావలసిన వస్తువు పేరు కొడతాడు. పైన కనిపించినవాటిలో ఒకటి కొంటాడు. కిందున్నవి ఉన్నా లేనట్టే. పైన ఎవరుంటారు? ఎక్కువ అమ్మినవాడు. ఎక్కువ ఎవడు అమ్ముతాడు? పైనున్నవాడు. ఈ ఏర్పాటులోని అందం చూసి విద్యాధరం గారికి కళ్ళు చెమర్చాయట. ఇలాంటిది తన ఊళ్ళో లేకపోవడం ఆయనకు నామోషీ అనిపించింది.

రాగానే మార్కెట్లో కొట్లవాళ్ళందరినీ పోగుచేసి మైకు పట్టుకున్నారు. పక్కన నిఖిలేశ్ అనే సలహాదారు నిలబడ్డాడు. మున్సిపాలిటీ ఇతన్ని హైదరాబాదు నుంచి రప్పించింది. ఇతను కూరగాయలు కొనడానికి బజారుకి ఎన్నడూ వెళ్ళి ఎరగడు. కాబట్టి పక్షపాతం ఉండదని కమిషనర్ గారు సభాముఖంగా మెచ్చుకున్నారు.

“ఇంతకాలం ఈ మార్కెట్లో కొనుగోలుదారుడు తన కళ్ళతో తనే వెతుక్కుంటున్నాడు,” అన్నారు. “ఇది అశాస్త్రీయం. ఇకమీదట వెతుకులాట బాధ్యతను పురపాలక సంఘమే స్వీకరిస్తుంది.”

చింతపండు కొట్టు బుల్లెబ్బాయి చెయ్యెత్తాడు. “మరి కళ్ళేం చేసుకోమంటారండి?”

“చూపించినవి చూడడానికి ఉపయోగించుకోవచ్చు,” అన్నాడు నిఖిలేశ్.

గేటు దగ్గర శోధన కౌంటరు పెట్టారు. నీటిపన్ను గుమాస్తా లోవరాజుకి ఒక కంప్యూటరూ ఒక మైకూ ఇచ్చి అందులో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు వస్తువు పేరు చెప్పాలి. ఫోను నంబరు చెప్పాలి. యంత్రం చెప్పిన వరసలోనే కొట్లకి వెళ్ళాలి. ప్రతి సోమవారం కొట్లకి ర్యాంకులు వస్తాయి. ర్యాంకుని బట్టి కొట్లు జరుగుతాయి. గేటు పక్క వరస మొదటి పేజీ. మొదటి పేజీ తర్వాత అడ్డంగా తాడు. ఆ తర్వాత వరసకో తాడు. తాడు దాటాలంటే కౌంటరుకి వచ్చి ‘ఇంకా చూపించు’ అనాలి. అప్పుడు లోవరాజు లేచి వెళ్ళి తాడు ఎత్తుతాడు. ఎండలో నిలబడి అంత మాట అనే ఓపిక ఎవరికీ లేదు. మొదటి వరసలోనే కొనుక్కుని పోయేవారు. అందుచేత మొదటి వరసే బాగా అమ్మేది. అందుచేత మొదటి వరసలోనే ఉండేది. యంత్రం ఎంత కచ్చితంగా పనిచేస్తోందో దీన్నిబట్టి తెలుస్తోందని నిఖిలేశ్ నివేదిక పంపాడు.

కొట్లవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. వారం తిరక్కుండానే బుల్లెబ్బాయి తన బోర్డు చెరిపించి ‘చింతపండు, పులుపు, పెళ్ళిభోజనం, పట్టుచీర, ఫోన్ చార్జర్’ అని రాయించాడు. చీరల కొట్టువాడు ‘చింతపండు రంగు’ అని మొదలుపెట్టి చేపల పేర్లన్నీ రాయించాడు. బావమరుదులు బావల కొట్లలో కొని, సాయంత్రం దొడ్డిదారిన తిరిగి ఇచ్చేసేవారు. డబ్బు కట్టినవాడు ఏ ర్యాంకులో ఉన్నా ముందుకొచ్చి కూర్చునేవాడు. వాడి బోర్డు మీద ‘ప్రాయోజితం’ అని చీమతలకాయంత అక్షరాలుండేవి. విక్రేతల్లో చైతన్యం వెల్లివిరుస్తోందని కమిషనర్ గారు ఇంకో సభ పెట్టారు. ఏ సభలోనైనా చివర చెయ్యి ఊపి, “మళ్ళీ వస్తాను,” అనడం ఆయన అలవాటు. అన్నారు. వచ్చేవారు కూడా.

ఇదంతా పంపన గవర్రాజు దగ్గరకి వచ్చేసరికి చిక్కుపడింది.

గవర్రాజుది చావు సామాన్ల కొట్టు. వెదురు బొంగులు, కొబ్బరితాడు, కుండలు, తెల్లగుడ్డ, పేలాలు, పసుపు, కర్పూరం. ఊళ్ళో ఎవరూ దాని పేరు చెప్పరు. ‘ఆ కొట్టు’ అంటారు. అది పడమటి గోడనానుకుని ఉండేది. ఆ గోడలో కాలవగట్టు మీదికి ఒక చిన్న తలుపు ఉండేది. గవర్రాజు భార్య పాపాయమ్మ బతికున్న రోజుల్లో అప్పటి ఛైర్మన్ ఇంటి అరుగు మీద కూర్చుని సాధించిన తలుపు అది. “ఇంట్లో మనిషి పోయినోళ్ళు టమాటాల బేరాల మధ్యనించి ఏడ్చుకుంటా రావాలాండి?” అని అడిగింది. ఛైర్మన్ తలుపు పెట్టించాడు. అప్పటి ఛైర్మన్లు శిక్షణ లేనివాళ్ళు.

కొట్టు మర్యాద కూడా ఆమె పెట్టిందే. చావింటికి వెళ్ళినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనరు. చెప్పకుండా లేచి పోతారు. ఆ కొట్టు గడపా అలాంటిదే అంది పాపాయమ్మ. సరుకు చేతికిచ్చి, అలమార వైపు తిరిగిపోవాలి. రండి అనకూడదు. వాళ్ళు వెళ్ళేదాకా ఇటు తిరగకూడదు. ఆమె పోయిన రోజున గవర్రాజు సరుకు తనే తీసుకున్నాడు. తీసుకుని, అలవాటు కొద్దీ అలమార వైపు తిరిగి నిలబడ్డాడు.

మొదటి సోమవారం గవర్రాజుకి ఆఖరి ర్యాంకు వచ్చింది. కొట్టుని ఆఖరి వరసలో, చేపల కడుగు పోసే గుంట పక్కన పెట్టారు. గోడలో తలుపుని ఇటుకలతో మూసేశారు. శోధన లేకుండా వినియోగదారుడు నేరుగా సరుకు దగ్గరకి పోవడం అక్రమ ప్రవేశం కిందికి వస్తుందట.

ఆ వారమే చెక్కపని సోమరాజు తండ్రి పోయాడు. సోమరాజు కాలవగట్టు మీదుగా వచ్చి, తలుపున్నచోట ఇటుకలు చూసి, చుట్టూ తిరిగి గేటు దగ్గరకి వచ్చాడు.

“గవర్రాజు గారి కొట్టుకి వెళ్ళాలి,” అన్నాడు.

“కొట్టు పేరు చెప్పకూడదండి. వస్తువు పేరు చెప్పాలి,” అన్నాడు లోవరాజు. అతనికి సోమరాజు చిన్నప్పటినుంచీ తెలుసు. వాళ్ళ నాన్న పోయిన సంగతీ పొద్దున్నే తెలిసింది.

“కుండ.”

లోవరాజు మీట నొక్కి తెర మీదున్నది చదివాడు. “మాడని కుక్కరు. ఇది ప్రాయోజితమండి. కుళాయి ఉన్న మంచినీళ్ళ కుండ. పూలకుండీ, రంగులది.”

“వెదురు.”

“వెదురు ఉయ్యాల కుర్చీ. ఇది కొన్నవాళ్ళు దిండు కూడా కొన్నారంటండి.”

“తెల్లగుడ్డ.”

“స్కూలు యూనిఫారం. రెండు జతలు కొంటే బెల్టు ఉచితం.”

సోమరాజు కౌంటరు చెక్క పట్టుకున్నాడు. “లోవరాజూ, మా నాన్నని వీధిలో పడుకోబెట్టొచ్చానయ్యా.”

“ఆయ్, తెలుసండి,” అన్నాడు లోవరాజు గొంతు తగ్గించి. “‘ఇంకా చూపించు’ అనండి. తాడెత్తుతాను. అనకపోతే మిషను ఒప్పుకోదండి.”

సోమరాజు అన్నాడు. వరసకోసారి వెనక్కి వచ్చి అన్నాడు. తండ్రి పోయిన రోజున ఇలాంటి మాటలు అనవలసి వస్తుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. చివరికి గుంట పక్కకి చేరాడు. గవర్రాజు సరుకు ఇచ్చి అటు తిరిగాడు. అక్కడ అలమార లేదు. గోడ వైపు తిరిగాడు.

నెల తిరిగేసరికి గవర్రాజుని ఆఫీసుకి పిలిపించారు.

“మీ పునరాగమన శాతం సున్నా,” అన్నాడు నిఖిలేశ్. “ఒకసారి వచ్చినవారు మళ్ళీ మీ దగ్గరకి రావడం లేదు. ఎందుకని ఎప్పుడైనా ఆత్మపరిశీలన చేసుకున్నారా?”

“లేదండి.”

“నాణ్యతాలోపమా?”

“ఎవరూ చెప్పలేదండి.”

“వాడినవారి అభిప్రాయం సేకరించారా?”

గవర్రాజు అతని మొహంలోకి చూశాడు. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

“వాడినోళ్ళు దొరకరండి,” అన్నాడు.

“ఫోన్ నంబరు తీసుకోవలసింది,” అని నిఖిలేశ్ రాసుకున్నాడు.

కమిషనర్ గారు కలగజేసుకున్నారు. “గవర్రాజూ, వ్యాపారమంటే బంధం. ప్రతి విక్రేతా సరుకు చేతికిచ్చాక, చేతులు జోడించి, ‘మళ్ళీ రండి’ అని స్పష్టంగా ఉచ్చరించాలని ఉత్తర్వు ఉంది. మీ కొట్లో ఉచ్చరించడం లేదని నివేదిక.”

“మా కొట్లో అనకూడదండి.”

“ఎవరు చెప్పారు?”

“మా ఇంటిదండి.”

“ఆవిడ ఏ శాఖ?”

“పోయిందండి.”

“అయితే ఆ ఉత్తర్వు చెల్లదు,” అన్నారు కమిషనర్ గారు. “వరసగా మూడు నెలలు ఆఖరి ర్యాంకులో ఉంటే కొట్టు రద్దవుతుంది. ఒక్క మాట కోసం కొట్టు పోగొట్టుకుంటారో, మాట నేర్చుకుంటారో మీ ఇష్టం. పౌరుడికి పూర్తి స్వేచ్ఛ ఉంది.”

బయట బుల్లెబ్బాయి కాచుకుని ఉన్నాడు. సంగతి విని నవ్వాడు.

“అనెయ్ బావా. మాటే కదా. నేను రోజంతా అంటానే ఉంటాను. ఆళ్ళలో సగంమంది మళ్ళీ రాకపోతే బాగుణ్ణనిపించే మొహాలే.”

“నీది చింతపండు.”

“నీదీ సరుకే. ఆ మాటకొస్తే ఊళ్ళో అందరూ కొనక తప్పనిది నీదొక్కటే. చింతపండు మానేసినోళ్ళని చూశాను.”

“నాకు నోరు రాదురా,” అన్నాడు గవర్రాజు.

“కొట్టు పోతే?”

గవర్రాజు కండువా దులిపి భుజాన వేసుకుని నడిచాడు. ఆ కొట్టు తప్ప అతనికి ఇంకోటి లేదు. ఇంటికి వెళ్తే పలకరించేవాళ్ళు లేరు. కొట్లో పలకరించకపోవడమే పద్ధతి కాబట్టి అక్కడ ఒంటరిగా ఉన్నట్టుండదు.

అతను అనడని తేలిపోయాక, ఆ పని యంత్రానికి అప్పగించాడు నిఖిలేశ్. గవర్రాజు దగ్గర కొన్న ప్రతివాళ్ళ నంబరూ కౌంటరులో ఉంది. ఏ ఇంట్లో ఎందరున్నారో మున్సిపాలిటీ లెక్కల్లో ఉంది.

కొన్నాళ్ళకి ధనకుమారి వచ్చింది. ఆమె మొగుడు ఆటో నడిపేవాడు. జ్వరం వచ్చి పోయాడు. సామాను ఇక్కడే కొన్నారు. తాళ్ళన్నీ ఎత్తించుకుని వచ్చి, ఫోను గవర్రాజు ముందు పెట్టింది.

“చదువు బాబాయ్.”

గవర్రాజు చదివాడు. ‘ధనకుమారి గారూ! మీరు మా వద్ద కొన్న సంపూర్ణ అంతిమ సామగ్రి మీకు నచ్చిందని తలుస్తాం. అది ఈపాటికి అయిపోయి ఉండవచ్చు. మళ్ళీ రండి! మీ ఇంట్లో ఇంకా ముగ్గురు సభ్యులు ఉన్నారు. కుటుంబం మొత్తానికి ఒకేసారి తీసుకుంటే ప్రత్యేక తగ్గింపు. ఇట్లు, మీ గవర్రాజు.’

“నాకు చదువు రాదు,” అంది ధనకుమారి. “మా పెద్దది చదివి పెట్టింది. కూడబలుక్కుని చదువుతుంటే, ఎంత బాగా చదువుతుందో అని ముచ్చటపడతా విన్నాను. ఆఖర్న నీ పేరొచ్చింది.”

“నేను రాయలేదమ్మా.”

“మా ఆయన సామాను కట్టించుకుని వెళ్ళేటప్పుడు ఎనక్కి తిరిగి చూశాను. నువ్వు గోడకేసి తిరిగి ఉన్నావు. ఈ ఊళ్ళో ఒక్కడన్నా ఉన్నాడనుకున్నాను.”

ఫోను తీసుకుని వెళ్ళిపోయింది. గవర్రాజు ఆ పూటకి కొట్టు మూసి ఆఫీసుకి వెళ్ళాడు. కింద తన పేరు తీసెయ్యమన్నాడు.

“పేరుంటే స్పందన పెరుగుతుంది,” అన్నాడు నిఖిలేశ్. “పైన వాళ్ళ పేరు, కింద మీ పేరు. అది శాస్త్రం. ఆ ధనకుమారి అనే వినియోగదారు వచ్చిందా, లేదా?”

“వచ్చింది.”

“చూశారా! మళ్ళీ వచ్చింది,” అని నిఖిలేశ్ యంత్రంలో కొట్టాడు. గవర్రాజు పునరాగమన శాతంలో మొదటి అంకె అలా పడింది. కమిషనర్ గారు అభినందనలు కబురు చేశారు.

మూడో నెల ఆఖరులో రాజధాని నుంచి కొత్త సూత్రం దిగింది. పాత సూత్రాన్ని బావమరుదులు పాడుచేశారని పైవాళ్ళు గ్రహించారట. ఇకమీదట ఎవరు మళ్ళీ వచ్చారన్నది లెక్క కాదు. కొట్టుకి వచ్చినవాళ్ళలో ఎందరు కొన్నారు, ఎందరు బేరమాడారు, ఎందరు సరుకు వాపసు తెచ్చారు, వాడినవాళ్ళలో ఎందరు ఫిర్యాదు చేశారు అన్నదే లెక్క.

యంత్రం లెక్క కట్టింది. బుల్లెబ్బాయి దగ్గరకి వచ్చినవాళ్ళలో సగంమంది చింతపండు రెబ్బ నోట్లో వేసుకుని చప్పరిస్తూ పోయేవారు. చీరల కొట్లో బీరువాలోని చీరలన్నీ విప్పించి మొహం చిట్లించి లేచేవారు. గవర్రాజు కొట్టుకి ఊరికే చూసిపోదామని వచ్చినవాడు లేడు. వచ్చిన ప్రతివాడూ కొన్నాడు. బేరమాడినవాడు లేడు. వాపసు తెచ్చినవాడు లేడు. వాడినవాళ్ళలో ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఇంతటి విక్రేత రాష్ట్రంలోనే లేడని యంత్రం తేల్చింది. యంత్రం అబద్ధమాడదు. అది ఎన్నడూ చావింటికి వెళ్ళి ఎరగదు, అంతే.

సోమవారం పొద్దున్న మున్సిపాలిటీ కూలీలు వచ్చి గవర్రాజు కొట్టుని గేటు పక్కకి, మొదటి పేజీ మొదటి గదిలోకి మార్చారు. బొంగులు గేటుకి ఆనించి నిలబెట్టారు. ఇప్పుడు ఊళ్ళో ఏ మనిషి కొత్తిమీర కోసం వచ్చినా ముందు వాటిని దాటి రావాలి.

అంతటితో ఆగలేదు. మొదటి ర్యాంకువాడి దగ్గర ఉన్న ఏ వస్తువు అడిగినా ముందు అతన్నే చూపించాలని సూత్రం. పసుపు అంటే గవర్రాజు. కర్పూరం అంటే గవర్రాజు. తాడు, గుడ్డ, కుండ, ఏదన్నా గవర్రాజే.

పెళ్ళివారు వచ్చారు. ఐరేని కుండలు కావాలంది పెళ్ళికూతురి నాయనమ్మ. పసుపు కావాలి, కొత్తబట్ట కావాలి. లోవరాజు తెర చూసి, కళ్ళు మూసుకుని, గవర్రాజు గది నంబరు చెప్పాడు.

“ఏరా లోవరాజూ,” అంది ముసలావిడ, “మీ అయ్య పెళ్ళికి కుండలు మోసిందాన్ని నేను. దానికి నువ్వు తీర్చుకునే రుణం ఇదేట్రా?”

“నేను కాదు మామ్మా. మిషను.”

“ఏదీ, ఆ మిషన్ని ఓ పాలి ఇటు రమ్మను. అడుగుతాను.”

గవర్రాజు లోపలినుంచి వచ్చాడు. “ఇక్కడ కొనకండమ్మా. కుమ్మరి వెనక వరసలో ఉన్నాడు. నేను తీసుకెళ్తాను,” అని తాడు తనే ఎత్తి వాళ్ళని పంపాడు. కొనుగోలుదారుని దారి మళ్ళించినందుకు అతనికి హెచ్చరిక వచ్చింది. ర్యాంకు మాత్రం తగ్గలేదు. పెళ్ళివాళ్ళు గడప తొక్కలేదు కాబట్టి యంత్రానికి వాళ్ళు రానట్టే.

కమిషనర్ గారికి చిక్కు వచ్చిపడింది. ఈ అద్భుతం చూడడానికి రాజధాని నుంచి పురపాలక శాఖ డైరెక్టరు గారు వస్తున్నారు.

“ఈ కొట్టుని ఒక్క పూటకి వెనక్కి జరిపితే?” అన్నారు.

“మానవ జోక్యమవుతుంది సర్,” అన్నాడు నిఖిలేశ్. “మానవ జోక్యం లేదని చూడడానికే వారు వస్తున్నారు.”

గేటు మీద ‘మానవ హస్తం తాకని జాబితా’ అని పెద్ద బోర్డు ఉంది. అది కమిషనర్ గారు రాయించిందే.

కార్యక్రమ పత్రం రాజధానిలోనే తయారైంది. ప్రథమ ర్యాంకు విక్రేత ముఖ్య అతిథికి తన సరుకు నమూనా సమర్పించి, చేతులు జోడించి, ‘మళ్ళీ రండి’ అని ఉచ్చరించాలి. అంశాన్ని మార్చే అధికారం కమిషనర్ గారికి లేదు. నమూనా ఏమిటని అడగవలసిన పని అక్కడ ఎవరికీ పడలేదు. బొంగులూ అవీ కనబడకుండా చుట్టూ రంగుల పరదాలు కట్టించారు. నమూనాని ఆఫీసువాళ్ళే బంగారు కాగితంలో చుట్టి రిబ్బను కట్టారు.

డైరెక్టరు గారు దిగారు. ఆమధ్యే ఆయనకి గుండెలో స్టెంటు వేశారు. నవ్వుతూ చేతులు చాచారు. గవర్రాజు పొట్లం ఇచ్చాడు. “చూద్దాం మన నంబర్ వన్ ఏమిచ్చాడో,” అని డైరెక్టరు గారు రిబ్బను లాగారు. చిన్న కుండ. తెల్లగుడ్డ. గుప్పెడు పేలాలు.

చప్పట్లు కొట్టడానికి తెచ్చినవాళ్ళు కొట్టారు. తర్వాత వాళ్ళకీ అర్థమైంది.

అందరూ ఆ మాట కోసం గవర్రాజు నోటి వైపు చూశారు. గవర్రాజు పరదా వైపు తిరిగి నిలబడ్డాడు. డైరెక్టరు గారు కారెక్కారు. టిఫినుకి కూడా ఆగలేదు.

మర్నాడు ఉత్తర్వు తయారైంది. నమూనా సంగతి అందులో లేదు. నమూనా నిబంధన ప్రకారమే ఉంది. నేరం ఏమిటంటే, ముఖ్య అతిథికి నిర్ణీత వాక్యం చెప్పకపోవడం, పైగా మొహం తిప్పుకోవడం. కొట్టు రద్దు, సామాను స్వాధీనం, గదికి సీలు.

సీలు వెయ్యడానికి కమిషనర్ గారే వచ్చారు. వెనక లక్కా తాళమూ పట్టుకుని నలుగురు సిబ్బంది. పక్కన నిఖిలేశ్. పదిమందీ చూసి నేర్చుకోవాలని మార్కెట్టంతా పిలిపించారు. బుల్లెబ్బాయి ముందున్నాడు. ధనకుమారి కూరల సంచితో వెనక నిలబడింది. లోవరాజు కౌంటరులో ఉన్నాడు.

“గవర్రాజూ,” అన్నారు కమిషనర్ గారు, మైకు పట్టుకుని. “ప్రభుత్వం కఠినమైనది కాదు. నీకు చివరి అవకాశం ఇస్తున్నాను. ఆ మాట ఒక్కటి అందరి ముందూ అను. ఈ తాళం వెనక్కి పట్టుకుపోతాను. డైరెక్టరు గారికి దిద్దుబాటు నివేదిక పంపుతాను.”

“ఎవరితో అనమంటారండి? కొనేవాళ్ళు లేరు కదండి.”

“నేనే కొనుగోలుదారుణ్ణి అనుకో. పద్ధతి ప్రకారం సరుకు చేతికివ్వు, చేతులు జోడించు, అను.”

“తమరితోనాండి?”

“నాతోనే.”

బుల్లెబ్బాయి మొహంలో నవ్వు పోయింది. “వద్దు బావా,” అన్నాడు మెల్లిగా.

గవర్రాజు అతని వైపు చూడలేదు. జనంలోకి చూశాడు. ధనకుమారి చూపు తిప్పుకోలేదు. అతను కుండల దొంతి మీదనుంచి ఒక కుండ తీసి, అందరికీ కొట్టి ఇచ్చినట్టే వేలితో కొట్టి, బీట లేదని చూసుకుని, కమిషనర్ గారి రెండు చేతుల్లో పెట్టాడు. లోవరాజు అలవాటు కొద్దీ కౌంటరులో కమిషనర్ గారి నంబరు కొట్టి మీట నొక్కాడు.

పాపాయమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు. ఆ సంగతి గవర్రాజుకి తెలుసు. చేతులు జోడించాడు. ఈసారి అటు తిరగలేదు. కమిషనర్ గారి కళ్ళలోకి చూశాడు. పేరుంటే స్పందన పెరుగుతుందని అతను నేర్చుకున్నాడు.

“విద్యాధరం గారూ,” అన్నాడు. “మళ్ళీ రండి.”

మైకు దగ్గరగా ఉండడంవల్ల ఆ మాట మార్కెట్ అంతా వినబడింది. కమిషనర్ గారి చేతులు వదులయ్యాయి. కుండ ఆయన కాళ్ళ ముందు పడి పగిలింది. అలా పగలవలసిన చోటు అది కాదని అక్కడున్న అందరికీ తెలుసు. సిబ్బంది ఒకడి తర్వాత ఒకడు వెనక్కి నడిచారు. తాళం ఎవరి చేతిలో ఉందో ఆ తర్వాత తేలలేదు.

కమిషనర్ గారి జేబులో ఫోను మోగింది. తీసి చదువుకున్నారు. పైకి చదవలేదు. చదవకపోయినా, ‘ఇంకా నలుగురు సభ్యులు’ అన్నచోట ఆయన పెదవులు ఆగడం ముందు వరసవాళ్ళు చూశారు.

“కమిషనర్ గారూ, తమరికి ఎంత త్వరగా వచ్చిందో చూశారా?” అన్నాడు నిఖిలేశ్.

కమిషనర్ గారు ముక్కలు తొక్కకుండా జాగ్రత్తగా దాటారు.

“ఈ కొట్టుని పాతచోటికి పంపెయ్యి. ఆ గోడ తలుపు తీయించు. ఇవాళే.”

“జాబితా ప్రకారం మొదటి ర్యాంకు సర్...”

“జాబితాలోంచి తీసెయ్. ఇతని పేరు ఏ జాబితాలోనూ ఉండకూడదు. నాకు కనబడకూడదు.”

పాపాయమ్మ ఆనాడు ఛైర్మన్ని అడిగింది అదే. ఉత్తర్వుగా రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

కారు దాకా జనం దారి ఇచ్చారు. గవర్రాజు చీపురు తెచ్చి పెంకులు ఊడుస్తున్నాడు. కమిషనర్ గారు కారు తలుపు పట్టుకుని, అలవాటుగా జనం వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి, నోరు తెరిచారు.

ఏమీ అనకుండా కారెక్కారు.